నడవని బండి

జనవరి 17, శుక్రవారం. తెనాలి

ఆయన ఈ రోజు బాగున్నాడు. రెండు ఇడ్లీలు తిన్నాడు.

ఈ డైరీ రంగుల కంపెనీవాళ్ళు డీలర్లకిచ్చింది. ప్రతి పేజీ కింద ఒక రంగుడబ్బా, పక్కన ఇల్లు చూసుకుని మురిసిపోతున్న మొగుడూ పెళ్ళాం. వాళ్ళ పళ్ళు చూస్తే ఒళ్ళు మండుతుంది. అయినా కాగితం బాగుంది, సిరా పాకదు. ఎవరితోనూ చెప్పుకోలేనివి దీంట్లోనైనా రాసుకుంటాను.

టార్గెట్ కొట్టిన డీలర్లను ఈసారి జపాన్ తీసుకెళ్తారట. మా కొట్టు పేరూ ఉంది. నేను వెళ్ళనన్నాను. మొగుణ్ణి ఇలా ఇంట్లో కూర్చోబెట్టి విమానమెక్కితే మా వీధి ఊరుకుంటుందా? అత్తయ్య సువార్తమ్మ మాత్రం, "నువ్వెళ్ళిరా అమ్మాయ్, నా కొడుకుని నేను చూసుకోలేనా ఏంటి" అంటూ పిట్టలవానిపాలెం నుంచి సంచి సర్దుకుని దిగిపోయింది. ఆవిడ దిగితే ఇక ఇల్లు ఆవిడదే. వచ్చీ రాగానే నా పోపుల డబ్బా చోటు మార్చింది.

ఈయన రైలు డ్రైవరు. నిరుడు జులైలో రేపల్లె నుంచి బండి తీసుకొస్తుంటే ఒక మనిషి పట్టాల మీదికొచ్చి నిలబడ్డాడు. హారన్ కొట్టాడు, బ్రేకు వేశాడు. రైలేమన్నా సైకిలా, వేసిన చోట ఆగడానికి! నీ తప్పు కాదని ఆఫీసువాళ్ళు చెప్పారు, పోలీసులు చెప్పారు, చనిపోయినాయన అన్నగారే ఇంటికొచ్చి "మీరేం చేస్తారండి, వాడి రాత అట్టా ఉంది" అని ఈయన చేతులు పట్టుకున్నాడు. అయినా ఆ రోజు నుంచి ఈయన డ్యూటీకి పోలేదు. చర్చికి రాలేదు. బండి కూత వినిపిస్తే లేచి పెరట్లోకి పోతాడు. తెనాలిలో బండి కూత వినిపించని వేళ ఏది? మా పెరడు అరిగిపోతోంది.

అలాంటి మనిషి నిన్న తనంతట తానే నోరు తెరిచాడు.

"జపాన్లో బొమ్మ రైళ్ళు ముక్కలుగా అమ్ముతారంట. మనమే అంటించుకోవాలంట. ఒకటి తెస్తావా హెలెన్?"

జులై తర్వాత ఈయన నన్ను మంచినీళ్ళు కూడా అడగలేదు. లేచి తనే ముంచుకుని తాగుతాడు. ఆ మాట వినగానే చేతిలో గరిటె పప్పులో పడిపోయింది.

"ఏ రైలండీ?"

"డీజిలు ఇంజను. పాతరకం. నడిచేది వద్దు. మోటారున్నది అసలే వద్దు. నడవంది."

బాపట్ల హాస్టల్లో ఉన్న మా అమ్మాయి జెస్సీకి ఫోన్ చేస్తే గంటలో ఫోటో వెతికి పంపింది. పెట్టె మీద ఎర్ర ఇంజను బొమ్మ. ఆయన దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "ఇదే. దీంట్లో మనుషులు కూడా వస్తారు" అన్నాడు.

తెస్తాను. ఆ దేశాన్ని తలకిందులు చేసైనా తెస్తాను.

జనవరి 21

సూట్‌కేసు సర్దాను. సగం పచ్చడి సీసాలే. బొమ్మ పెట్టెకు చోటు ఉంచాను, అత్తయ్య ఆ చోట్లో కందిపొడి పెట్టింది. తీశాను. మళ్ళీ పెట్టింది.

జనవరి 23. టోక్యో

చలికి చెవులు ఊడి చేతిలోకి వస్తాయేమో అనిపిస్తోంది. ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నాడు, నువ్వు టోపీ పెట్టుకో" అంది అత్తయ్య. బాగానే ఉన్నాడట.

నా గదిలో రేపల్లె సుల్తానా. వాళ్ళ ఆయన ఫరూక్‌కి పాస్‌పోర్టు రాకపోతే కొట్టు తరఫున తనే వచ్చింది. మంచి పిల్ల. నేను చెప్పకముందే ఈయన సంగతి తెలుసు. రేపల్లెలో తెలియనివాళ్ళెవరు?

ఈ రోజు బొమ్మల కొట్లుండే వీధికి తీసుకెళ్ళారు. "గంటే టైము మేడం, డిన్నర్ ఇండియన్ హోటల్లో, లేటయితే పూరీలు అయిపోతాయి" అని కంపెనీ అబ్బాయి గిరీష్ జెండా ఊపాడు. వీళ్ళకి పూరీల బెంగ.

మేడ మొత్తం బొమ్మలే. అంతస్తు తర్వాత అంతస్తు, నేల నుంచి కప్పుదాకా పెట్టెలు. మరమనుషులు, యుద్ధవిమానాలు, ఓడలు, కోటలు. లోపల పిల్లలు ఒక్కరూ లేరు. కోట్లు తొడుక్కున్న మగాళ్ళు, భుజాన ఆఫీసు సంచులు, ఒక్కో పెట్టె తీసి అటూ ఇటూ తిప్పి, అంతే భద్రంగా మళ్ళీ పెట్టేస్తున్నారు. ఒక్కరూ మాట్లాడరు. మా చర్చిలో మౌన ప్రార్థనప్పుడు కూడా అంత నిశ్శబ్దం ఉండదు. ఇంతమందికి ఇంట్లో ఏం బాధలున్నాయో అనుకున్నాను. బొమ్మ కోసం వచ్చిన ప్రతివాళ్ళలోనూ నాకు మా ఆయనే కనిపిస్తే వాళ్ళ తప్పా?

రైళ్ళ అంతస్తులో అన్నీ నడిచేవే. గాజుపెట్టెలో చిన్న ఊరు, ఊరి చుట్టూ పట్టాలు, వాటి మీద అగ్గిపెట్టెంత పెట్టెలతో రైళ్ళు. పట్టాల పక్కన గోరంత మనుషులు నిలబడి ఉన్నారు. చూడలేక వెనక్కి తిరిగాను.

ఫోన్లో మాట చెబితే జపాన్ భాషలో పలికే ఏర్పాటుంది కదా, దాంట్లో "నడవని రైలు కావాలండి" అన్నాను. కొట్లో అబ్బాయి వంగి దణ్ణం పెట్టి, చకచకా తీసుకెళ్ళి, చెడిపోయిన రైళ్ళ గంప ముందు నిలబెట్టాడు. చక్రాలు లేనివి, విరిగినవి, మాడినవి. సుల్తానా నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. ఆ అబ్బాయి కంగారుపడి మళ్ళీ దణ్ణం పెట్టాడు.

ఫోటో చూపిస్తే లేదన్నాడు. ఇప్పుడు తయారు చేయడం లేదట.

బయట బాపట్ల డీలరు బసవేశ్వరరావు గారు గొడుగులు బేరమాడుతున్నాడు. "ఏంటమ్మా హెలెన్, జపానొచ్చి బొమ్మలు వెతుకుతున్నావు? అప్పుడే మనవలొచ్చారా ఏంటి?"

"మీ నోటికో బ్రేకు దొరుకుతుందేమోనని చూస్తున్నా అన్నయ్యా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో. తర్వాత పూరీలు సహించలేదు.

జనవరి 25

మంచుకొండ చూపించారు. తెల్లగా ఉంది.

జనవరి 27. ఒసాకా

దొరికింది! దొరికింది, దొరికింది, దొరికింది.

ఇక్కడ ఒక కొట్లో గాజు అరలు అద్దెకిస్తారట. ఎవరి పాత బొమ్మలు వాళ్ళు అందులో పెట్టి అమ్ముకుంటారు. కిందవరస అరలో, మూలన, ఎర్ర ఇంజను పెట్టె. ఒక్కటే. ఒక మూల కాస్త నొక్కుకుపోయింది. నేను నేలమీద చతికిలబడి అద్దానికి చేయి ఆనించాను. తాళం తీసేది కొట్టు చూసుకునే ముసలాయన ఒక్కడేనట, ఆయనేమో పై అంతస్తులో ఇంకెవరికో లెక్క చెబుతున్నాడు. కింద బస్సు బయల్దేరే వేళయింది. గిరీష్ ఫోన్ మీద ఫోన్. "మేడం, మీ ఒక్కరి కోసం అందరూ..."

సుల్తానా నా మొహం చూసింది. ఫోన్ లాక్కుని, "గిరీష్ గారూ, నా పాస్‌పోర్టు కనపట్టంలేదండీ, యా అల్లా!" అని ఒక్క కేక పెట్టింది. అంతే, బస్సు ఆగిపోయింది. పాస్‌పోర్టు తన చంకలో సంచిలోనే ఉంది. ఈ జన్మకి ఈ పిల్ల రుణం తీరదు.

ముసలాయన వచ్చి తాళం తీశాడు. బేరమాడితే అర్థం కాక వంగి దణ్ణం పెట్టాడు. సరే, బేరం పోతే పోయింది, పెట్టె విప్పి చూపించమన్నాను. తెనాలిలో ప్రెషర్ కుక్కరు కొన్నా గాస్కెట్ ఉందో లేదో చూడందే డబ్బివ్వం కదా. ఆయన బాధగా చూశాడు. ఎన్నేళ్ళుగానో ఎవరూ విప్పని పెట్టెట అది, విప్పితే విలువ పడిపోతుందని ఫోన్ చెప్పింది. నాకు విలువెందుకండీ, ముక్క తక్కువైతే నా మొగుడు ఏమైపోతాడు? విప్పించాను. ముక్కలన్నీ చట్రాలకి అతుక్కుని ఉన్నాయి, కొమ్మకి చింతకాయల్లాగా. ఏ ముక్క ఎక్కడ అంటించాలో బొమ్మలు గీసిన పెద్ద కాగితం. చిన్న కవర్లో ఇద్దరు మనుషులు. ఒకడు ఇంజన్లో కూర్చునేవాడు, ఒకడు పట్టాల పక్కన నిలబడేవాడు. వేలి గోరంత ఉన్నారు.

బస్సెక్కితే అందరూ నన్ను తిట్టుకుంటున్నారు. తిట్టుకోనీ. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

జనవరి 30. తెనాలి

కందిపొడి అక్కడే పారేసి, ఆ చోట్లో పెట్టె తెచ్చాను.

సూట్‌కేసు తెరిస్తే వీధిలోవాళ్ళంతా చుట్టూ మూగారు. చాక్లెట్లు, చేతిరుమాళ్ళు, విసనకర్రలు, ఎవరికి అందినవి వాళ్ళు పట్టుకుపోయారు. పెట్టె మాత్రం ముందే మంచం కింద దాచాను.

అందరూ వెళ్ళాక ఆయన చేతికిచ్చాను. పెరట్లోకి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. మూత తీశాడు. ముక్కలు ముట్టుకోలేదు. చిన్న కవరు వెలుగులోకి పట్టి చూసి, "ఇద్దరూ ఉన్నారు" అన్నాడు. పెద్ద కాగితం తీసి, మూత మళ్ళీ పెట్టేసి, కాగితం దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "ఆ పెట్టె వచ్చిన వేళ మంచిది" అంది.

ఫిబ్రవరి 3

గడ్డం గీసుకున్నాడు. నేను చెప్పకుండానే.

ఫిబ్రవరి 6

కొట్టుకి వచ్చాడు! స్టేషను రోడ్డు మీద నడిచి. కౌంటరు లోపలికొచ్చి, "సన్న నీటికాగితం ఉందా?" అన్నాడు, కొనుక్కోవడానికి వచ్చినవాడిలాగా. తడిపి రుద్దే గరుకు కాగితం అది, ముక్కల అంచులు నునుపు చేయడానికట. అన్నిట్లోకీ సన్నది తీసిచ్చాను. గోళ్ళు కత్తిరించేది, పాత బ్రష్షు, కాస్త థిన్నరు, అన్నీ ఒక పళ్ళెంలో సర్దిపెట్టుకున్నాడు. "మొదలుపెట్టరా మరి?" అంటే, "తొందరెందుకు, కాగితం మొత్తం చదవనీ" అన్నాడు. జపాన్ భాషలో ఉన్న కాగితం! బొమ్మలు చూసే చదువుతున్నాడు.

ఆయన ఈ రోజు బాగున్నాడు. ఈసారి అబద్ధం రాయలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

అత్తయ్య అన్నం పెడుతూ, "వచ్చే ఆదివారం మన ఊళ్ళో కోతపండగ నాయనా, వస్తావా?" అంది. ప్రతి ఏడూ అడుగుతుంది. చర్చిలో పంట కానుకలు పెట్టి వేలం వేసే పండగంటే ఆవిడకి క్రిస్మస్ కంటే ఎక్కువ.

"వస్తాలేమ్మా" అన్నాడు. "వచ్చాక మొదలుపెడతా బండి."

అత్తయ్య గిన్నె కింద పెట్టి నేలమీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఇద్దరం అత్తాకోడళ్ళం ఒకరినొకరు పట్టుకుని ఏడవడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. ఆయనేమో మజ్జిగ పోసుకుంటున్నాడు.

ఫిబ్రవరి 15

అత్తయ్య పండగ పనులున్నాయని ముందే ఊరెళ్ళింది. నేను కొట్లో ఉన్నాను. ఆటోలో ఒక బియ్యం బస్తా, ఒక చీర మూట వేసుకుని వెళ్ళిందట. రేపు ఇద్దరం పొద్దున్నే వెళ్తాం. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

రాయకపోతే తల పగిలిపోయేలా ఉంది.

బాగానే వెళ్ళాం. దారంతా చేలు కోసేసి ఉన్నాయి, ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. చర్చి గుమ్మంలో ఊరంతా ఆయన్ని చుట్టుముట్టి "ఏం శాలేమూ, బాగున్నావా" అని పలకరిస్తే తలూపాడు. మగవాళ్ళ వైపు వెనక వరసలో కూర్చున్నాడు. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద, అత్తయ్య పక్కన.

పాటలయ్యాయి, ప్రసంగం అయింది. బల్ల మీద గుమ్మడికాయలు, అరటిగెలలు, బియ్యం బస్తాలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. వేలం పాట మొదలైంది. వేలం వేసేది సంఘపెద్ద కొండయ్య గారు. ఆయన గొంతు వింటే కోళ్ళు కూడా గప్‌చుప్. ఇక్కడ పద్ధతేంటంటే, పాడుకున్నవాళ్ళు గొప్పకి ఆ వస్తువు మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తారు, మళ్ళీ వేలం వేస్తారు. ఒక గుమ్మడికాయ చేతులు మారి మారి వాడిపోయింది. అందరం నవ్వుకుంటున్నాం.

తర్వాత కొండయ్య గారు బల్ల కింద నుంచి ఒక చీర మూట తీశాడు. ముడి విప్పాడు.

ఎర్ర ఇంజను.

"సువార్తమ్మగారి ప్రథమఫలం! జపాను దేశం నుంచి వచ్చిన రైలుబండి! దేవునికి స్తోత్రం!"

పక్కకి తిరిగి అత్తయ్య చెయ్యి గిచ్చినంత పని చేశాను. "ఏంటత్తయ్యా ఇది? అది ఆయనది కదా!"

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. సంతోషం నీళ్ళు. "మొక్కుకున్నానమ్మాయ్. నా కొడుకు తన కాళ్ళతో గుడికొస్తే మనింట్లో అన్నిటికంటే శ్రేష్ఠమైంది దేవుడికిస్తానని. చూడు, వచ్చాడు. మరి మనింట్లో దానికంటే శ్రేష్ఠమైంది ఏముంది చెప్పు?"

"బియ్యం ఇచ్చారుగా!"

"బాగైంది బియ్యం వల్లా? దేవుడికి తాలుగింజలు పెట్టి మంచిది మనం దాచుకుంటామా?"

ఏం చెప్పను ఈ మనిషికి? ఆయన్ని లేపింది ఆ పెట్టెనని ఆవిడకీ తెలుసు. తెలుసు కాబట్టే ఇచ్చింది! ఎవర్ని తిట్టను? తిట్టడానికి కూడా దారిలేకుండా చేసింది.

వెనక్కి తిరిగి చూశాను. ఆయన పెట్టెనే చూస్తున్నాడు.

ఎవరో పాట మొదలుపెట్టారు. నేను లేచి నిలబడ్డాను. ఆడవాళ్ళ వైపు నుంచి లేచి పాడటం అలవాటు లేదు, అందరూ తిరిగి చూశారు. చూడనీ. వాళ్ళు పెంచితే నేను పెంచాను. మళ్ళీ పెంచారు, మళ్ళీ పెంచాను. కొండయ్య గారు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాడు. నాదే! పెట్టె తీసుకుందామని ముందుకి రెండడుగులు వేశాను.

"చూశారా సంఘమా!" అని చేతులెత్తాడు కొండయ్య గారు. "ఇచ్చిన ఇంటివాళ్ళే పాడుకున్నారు! అంటే ఏంటి? ఒకసారి ఇచ్చింది చాలక మళ్ళీ దేవుడికే ఇస్తున్నారు. అంతేనా హెలెనమ్మా?"

చప్పట్లు. పాస్టరు అయ్యగారు కూడా చప్పట్లు కొట్టారు.

కాదండీ, అది మా ఆయన బండి, ఇంటికి తీసుకెళ్తానండీ. ఇంత మాట. ఇంతే మాట. కొట్లో మేస్త్రీలతో గంటలు గంటలు పోట్లాడే నోరు ఇది. అది తెరుచుకోలేదు. దేవుడికిచ్చింది తిరిగి తీసుకుంటానని అంతమందిలో ఎవరైనా అనగలరా? ఆయన వైపు చూశాను. ఆయన తల చిన్నగా అడ్డంగా ఊపాడు. అడగొద్దని.

నేను తలూపాను. అవునని.

రెండోసారి వేలంలో కారంచేడులో టీచరుగా చేస్తున్న అజయ్ బాబు పాడుకున్నాడు. మా ఆడపడుచు కొడుకే. "షోకేసులో పెట్టుకుంటానత్తయ్యా, భలే ఉంది" అని నాకే చూపించి మురిసిపోయాడు పిల్లాడు. వాడు తిరిగి ఇచ్చెయ్యలేదు. గుమ్మడికాయైతే ఇచ్చేవాడేమో.

తిరుగు బస్సులో ఆయన కిటికీ వేసేశాడు.

ఫిబ్రవరి 17

ఆయన బాగున్నాడు.

ఫిబ్రవరి 18

అజయ్‌కి అసలు సంగతి చెప్పి పెట్టె అడుగుదామని ఫోన్ తీశాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"వద్దు హెలెన్. అమ్మ మొక్కు. వెనక్కి తీసుకున్నాక రేపు నాకు తలనొప్పొచ్చినా అందువల్లేనని ఏడుస్తది."

"మరి మీరు?"

"నాకేమైంది? బాగానే ఉన్నాగా."

ఫిబ్రవరి 20

గడ్డం పెరిగింది. పళ్ళెంలో నీటికాగితం, బ్రష్షు అలాగే ఉన్నాయి. తీసేద్దామంటే చేతులు రావు.

ఫిబ్రవరి 23

అజయ్ బాబు ఫోన్ చేశాడు. "అత్తయ్యా, పెట్టెలో కాగితం లేదు. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో తెలీట్లా. మీ దగ్గరేమన్నా ఉండిపోయిందా?"

"లేదు నాయనా" అన్నాను టక్కున. ఆదివారం పూట, చర్చి నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా. కాగితం లేకపోతే విసిగిపోయి వాడే తెచ్చి పడేస్తాడని ఆశ. నా బుద్ధి అలా ఉంది.

ఆయన వింటున్నాడు. "కాగితం నా దగ్గరుందిరా అబ్బాయ్" అన్నాడు గట్టిగా. "పెట్టె పట్రా. నేను చేసిస్తా."

మార్చి 2

పెట్టె ఇంటికొచ్చింది. చుట్టం చూపుగా.

మార్చి 5

మొదలుపెట్టాడు. ఒక్కో ముక్క గోళ్ళ కత్తెరతో కత్తిరించి, అంచు రుద్ది, ఊదుతాడు. జిగురు అగ్గిపుల్లతో పెడతాడు. రాత్రి అన్నానికి పిలిస్తే వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి, నేనే కలిపి తినిపించాను. నవ్వాడు.

నాకు భయంగా ఉంది. పూర్తవుతుందేమోనని.

మార్చి 9

ఎరుపు సరిపోలేదన్నాడు. కొట్లో కూర్చుని మూడు ఎరుపులు కలిపాను. "ఇంకొంచెం మురికి ఎరుపు" అన్నాడు. మురికి కలిపాను. "ఆ, మా బండి రంగు" అన్నాడు.

మా బండి అన్నాడు.

మార్చి 13

కాగితంలో చక్రాలకి జిగురు పెట్టొద్దని గీటుపెట్టి చూపించారు, అవి తిరగాలట. ఈయన చక్రాలన్నిటికీ జిగురు పెట్టాడు. ఇరుసుకి కూడా. "అయ్యో, తప్పు పెట్టారండీ" అంటే వినిపించుకోలేదు.

మార్చి 15

అయిపోయింది. రేపు అజయ్ వస్తాడు.

నేను ఇందాక దీపం దగ్గరికి తెచ్చి చూశాను. పట్టాల ముక్క మీద ఇంజను. లోపల ఆ గోరంత మనిషి, రెండు చేతులూ ముందుకి. రెండోవాణ్ణి పట్టాల పక్కన పెట్టాలి, కాగితంలో అలాగే ఉంది. ఈయన పట్టాల మధ్యలో పెట్టాడు. ఇంజనుకి ఎదురుగా. ఇద్దరి మధ్యా నా వేలు పట్టేంత సందు.

అప్పుడు తెలిసింది నాకు, ఎందుకు అడిగాడో. టోక్యో అంతా తిరిగానే, ఒసాకా అంతా తిరిగానే, ఏం మోసుకొస్తున్నానో నాకు తెలియదు.

తెలిసి మాత్రం ఏం చేయగలను?

మార్చి 16, ఆదివారం

అత్తయ్య కూడా వచ్చింది, అజయ్ బండి వెనక కూర్చుని. అజయ్ చూడగానే "అబ్బ, అదిరింది మావయ్యా!" అన్నాడు. చుట్టూ తిరిగి చూసి, వంగి, "ఇదేంటి, ఈ మనిషిని పట్టాల మీద అంటించారు? గుద్దుద్ది కదా?" అన్నాడు.

అనేశాక వాడికే తట్టింది. మొహం తెల్లబోయింది.

"గుద్దదు" అన్నాడు ఆయన. మామూలు గొంతుతో, జులైకి ముందు గొంతుతో. "ఆగిపోయింది. చక్రాలు అంటించేశా. ఎవరు నెట్టినా కదలదు."

అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది. అజయ్ మెల్లగా, "ఇక్కడే ఉండనియ్యండి మావయ్యా" అన్నాడు. అత్తయ్య వద్దనలేదు. నేను చూశాను, వద్దనలేదు. ఇంక ఆయన ఊఁ అంటే చాలు.

"దేవుడికిచ్చింది కదరా, తీసుకెళ్ళు" అన్నాడు. "నెట్టొద్దని మాత్రం పిల్లలకి చెప్పు. కదలదు కానీ, గట్టిగా నెడితే విరుగుద్ది."

మా కొట్టు అట్టపెట్టెలో తనే పెట్టి, చుట్టూ పాత గుడ్డలు కుక్కి, తాడు కట్టి ఇచ్చాడు. అజయ్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగాడు. అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముతోంది. అవి తోమినవే.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి రేపల్లె బండి కూత వినిపించింది. పెరట్లోకి పోతాడని తలుపు తీసి పట్టుకున్నాను. లేవలేదు. కుర్చీలోనే కూర్చుని రెండు చేతులూ ముందుకి చాచి, బ్రేకు పట్టుకున్నట్టు వెనక్కి లాగుతున్నాడు. మెడ నరాలు పొంగాయి.

వెళ్ళి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన చేతుల మీద నా చేతులు వేసి నేనూ లాగాను. బండి దాటిపోయేదాకా ఇద్దరం అలా లాగుతూనే ఉన్నాం.